3 పేజీల పేపర్, 1 మార్కు: సైంటిస్ట్ గొప్పదనాన్ని నంబర్‌తో కొలవొచ్చా?

 

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్ వల్ల పుట్టింది. పోయిన నెల మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. తను ఎంఎస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్‌లో ఉంది. "అన్నయ్యా, ఇద్దరు ప్రొఫెసర్ల దగ్గర పీహెచ్‌డీకి ఛాన్స్ వచ్చేలా ఉంది. ఇద్దరూ యాంటీబాడీల మీదే పని చేస్తారు. సార్ హెచ్-ఇండెక్స్ 58. మేడమ్‌ది 17. ఇంక ఆలోచించడానికి ఏముంది, సార్ దగ్గరే కదా?" అంది.

నేను కూడా ఏమన్నానంటే, "అంతేగా, 58 ఎక్కడ, 17 ఎక్కడ" అనేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకే ఏదోలా అనిపించింది. ఐదేళ్ల జీవితం అండి. ఒక ల్యాబ్‌లో, ఒక గైడ్ దగ్గర, ఒక టాపిక్ మీద. దాన్ని రెండు నంబర్లు చూసి తేల్చేశాం. మనం ఫోన్ కొనేటప్పుడు కూడా ఇంతకంటే ఎక్కువ రివ్యూలు చూస్తాం కదా!

అందుకే ఈ రోజు టాపిక్: ఒక సైంటిస్ట్ పనిని సైటేషన్లతో ఎలా కొలుస్తారు, ఆ కొలత ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ ఫెయిల్ అవుతుంది. ఊరికే థియరీ చెప్తే బోర్ కొడుతుంది కాబట్టి ఒక అసలు కేసు తీసుకుందాం. యాంటీబాడీల చరిత్రలోనే అతి పెద్ద పేపర్ అనదగ్గది. 1975. రాసినవాళ్లు ఇద్దరు, సీజర్ మిల్‌స్టీన్, జార్జ్ కోలర్. పేపర్ మొత్తం 3 పేజీలు.

ముందు ఈ నంబర్ ఏంటో చూద్దాం.

సైటేషన్ అంటే సింపుల్. నేను ఒక పేపర్ రాశాను. మీరు మీ పేపర్ రాస్తూ, "ఈ విషయం ఫలానావాళ్లు ముందే చెప్పారు" అని నా పేపర్‌ని చూపించారు. నాకు ఒక సైటేషన్ వచ్చినట్టు. వీటిని పద్ధతిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన. 1955లో ఐడియా రాశాడు, 1960ల్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అని పుస్తకాలుగా అచ్చేశాడు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆయన మొదట చేసింది ర్యాంకుల కోసం కాదు, వెతకడం కోసం. ఒక పాత పేపర్ పట్టుకుంటే, దాన్ని ఆ తర్వాత ఎవరెవరు వాడారు, ఎవరు తప్పు పట్టారు అని ముందుకు వెతుక్కుంటూ పోవచ్చు. అంటే అది ఒక సెర్చ్ ఇంజిన్ అన్నమాట. తర్వాత గూగుల్ వాళ్ల పేజ్‌ర్యాంక్ వెనక కూడా ఇదే ఆలోచన ఉంది. ఒక పేజీకి ఎన్ని లింకులు వస్తున్నాయి, ఎలాంటి పేజీల నుంచి వస్తున్నాయి అని.

ఇప్పుడు హెచ్-ఇండెక్స్. 2005లో జార్జ్ హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ కనిపెట్టాడు. మీకు 5 పేపర్లు ఉన్నాయి అనుకోండి. వాటికి వచ్చిన సైటేషన్లు 20, 9, 6, 4, 1. కనీసం 4 సైటేషన్లు ఉన్న పేపర్లు 4 ఉన్నాయి. కనీసం 5 ఉన్నవి 5 లేవు. కాబట్టి మీ హెచ్-ఇండెక్స్ 4. అంతే. ఎన్ని రాశావు అనేదీ, ఎంతమంది వాడారు అనేదీ రెండూ ఒకే నంబర్‌లో వచ్చేస్తాయి. చెప్పాలంటే తెలివైన ఐడియానే.

కానీ మనం ఇంజనీర్లం కదా, ఎడ్జ్ కేస్ చెక్ చేద్దాం. ఒకాయన జీవితంలో ఒకే ఒక్క పేపర్ రాశాడు. దానికి 10,000 సైటేషన్లు వచ్చాయి. ఆయన హెచ్-ఇండెక్స్ ఎంత? 1. ఇంకొకాయన మామూలు పేపర్లు 30 రాశాడు, ఒక్కోదానికి ముప్ఫై ముప్ఫై వచ్చాయి. ఆయనది 30. మొత్తం సైటేషన్లు చూస్తే మొదటాయనకి 10,000, రెండో ఆయనకి 900. మార్కులు మాత్రం 1కి 30. అంటే ఈ ఫార్ములా శిఖరాన్ని కొలవదు, పీఠభూమిని కొలుస్తుంది.

సరే, ఇప్పుడు మన శిఖరం దగ్గరకి వెళ్దాం.

మిల్‌స్టీన్ అర్జెంటీనా ఆయన. 1927లో బాహియా బ్లాంకా అనే ఊళ్లో పుట్టాడు. బ్యూనస్ ఐరిస్‌లో చదివి, తర్వాత కేంబ్రిడ్జ్ వెళ్లి ఫ్రెడ్ సాంగర్‌తో పని చేశాడు. సాంగర్ అంటే రెండు నోబెల్‌లు వచ్చిన సాంగర్. మిల్‌స్టీన్ 1961లో సొంత దేశానికి తిరిగి వెళ్లిపోయాడు, అక్కడే ల్యాబ్ కట్టుకుందామని. అక్కడ సైనిక తిరుగుబాటు, రాజకీయాలు. ఆయన పని చేసే సంస్థ డైరెక్టర్ మీద కక్ష కట్టారు. మిల్‌స్టీన్ రాజీనామా చేసి 1963లో మళ్లీ కేంబ్రిడ్జ్ వచ్చేశాడు. అక్కడ మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లో, సాంగర్ సలహా మీద, యాంటీబాడీల వైపు తిరిగాడు.

యాంటీబాడీ అంటే ఏంటో కోవిడ్ తర్వాత అందరికీ కొంత తెలుసు. ఒంట్లోకి కొత్తది ఏదైనా వస్తే, దాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్. వీటిని బి కణాలు తయారు చేస్తాయి. ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే, ఒక బి కణం ఒకే రకం యాంటీబాడీ చేస్తుంది. కానీ మన ఒంట్లో కోట్ల కొద్దీ రకరకాల బి కణాలు ఉంటాయి. కాబట్టి రక్తం తీసి యాంటీబాడీలు వేరు చేస్తే మనకి వచ్చేది ఒక కిచిడీ. ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకి, ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి ఆ కిచిడీ మారిపోతుంది. ఒకే ఒక్క రకం కావాలంటే ఒకే ఒక్క బి కణాన్ని పట్టుకుని పెంచాలి. ప్రాబ్లం ఏంటంటే, బయట పెంచితే అది కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది.

ఇంకోవైపు మైలోమా అనే క్యాన్సర్ కణాలు ఉన్నాయి. ఇవి అసలు చావవు, పెరుగుతూనే ఉంటాయి. కానీ మనకి కావాల్సిన యాంటీబాడీ చెయ్యవు.

ఇప్పుడు కోలర్ ఎంట్రీ. జర్మనీ కుర్రాడు, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పీహెచ్‌డీ పని చేశాడు. 1973లో మిల్‌స్టీన్ బాసెల్ వచ్చి టాక్ ఇస్తే విని, 1974లో పోస్ట్‌డాక్‌గా కేంబ్రిడ్జ్ వచ్చి ఆయన దగ్గర చేరాడు. అప్పటికి వయసు 28. అంటే దాదాపు నా వయసు. నేను ఆ వయసులో ఏం చేస్తున్నానో చెప్పను, వదిలేయండి.

వీళ్ల ఐడియా ఏంటంటే ఈ రెండు కణాల్నీ కలిపేద్దాం. ఎలుకకి గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించారు. ఎలుక ఒళ్లు వాటి మీద యాంటీబాడీలు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ ఎలుక ప్లీహం నుంచి బి కణాలు తీసి, మైలోమా కణాలతో కలిపారు. అవి ఒకదానికొకటి అతుక్కుని ఒకే కణం అవడానికి సెండాయ్ అనే వైరస్ వాడారు. కలిసిన కణం పేరు హైబ్రిడోమా.

కానీ గిన్నెలో అన్నీ కలిసిపోవు కదా. కలిసినవి కొన్ని, కలవని బి కణాలు కొన్ని, కలవని క్యాన్సర్ కణాలు బోలెడు. వీటిలోంచి కలిసినవాటినే ఎలా ఏరాలి? ఇది నాకు బాగా నచ్చిన భాగం. హ్యాట్ అనే ఒక పోషక ద్రావణం ఉంది. అందులో బతకాలంటే ఒక ఎంజైమ్ ఉండాలి. వీళ్లు ఎంచుకున్న మైలోమా కణాలకి ఆ ఎంజైమ్ లేదు, కాబట్టి అవి చచ్చిపోతాయి. బి కణాలకి ఆ ఎంజైమ్ ఉంది, కానీ వాటికి ఎక్కువ రోజుల ఆయుష్షు లేదు, అవీ పోతాయి. చివరికి మిగిలేవి ఎవరు? తల్లి నుంచి ఎంజైమ్, తండ్రి నుంచి చావులేనితనం రెండూ తెచ్చుకున్న పిల్లలు మాత్రమే. మన భాషలో చెప్పాలంటే యాండ్ కండిషన్. రెండూ ట్రూ అయితేనే లోపలికి.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం రిజల్ట్ చూడ్డానికి కోలర్ భార్యతో కలిసి ల్యాబ్‌కి వెళ్లాడు. పని జరగదేమో, ఒక్కడినే కూర్చుంటే బోర్ కొడుతుందని తోడు తీసుకెళ్లాడట. ప్లేట్ల మీద చూస్తే కణాల చుట్టూ గుండ్రంగా తేలిన మచ్చలు. అంటే యాంటీబాడీ బయటికి వచ్చి గొర్రె కణాల్ని పగలగొట్టింది అన్నమాట. పని చేసింది! సంతోషం పట్టలేక అరిచి భార్యకి ముద్దు పెట్టేశానని తనే తర్వాత చెప్పుకున్నాడు.

1975 ఆగస్టులో నేచర్ పత్రికలో పేపర్ వచ్చింది. 495వ పేజీ నుంచి 497 వరకు. పెద్ద ఆర్టికల్ కూడా కాదు, లెటర్ అనే చిన్న విభాగంలో. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు కదా, అదే. ఇలాంటి కణాలు వైద్యానికీ పరిశ్రమలకీ పనికి రావచ్చు అని చివర్లో ఒక్క వాక్యం. వీళ్లు అసలు ఈ పని మొదలుపెట్టింది మందులు చెయ్యడానికి కాదండి. ఒంట్లో ఇన్ని రకాల యాంటీబాడీలు ఎలా పుడుతున్నాయి అనే ప్రశ్న కోసం. పద్ధతి అనేది దారిలో దొరికింది.

ఇప్పుడు సీన్ కట్ చేసి పేటెంట్ దగ్గరకి వద్దాం. దీనికి పేటెంట్ విలువ ఉంటుందేమో అని బ్రిటన్ ప్రభుత్వ సంస్థలకి ముందే సమాచారం వెళ్లింది. పేపర్ అచ్చయ్యేలోపు ఎవరూ పట్టించుకోలేదు. 1976లో ఆ పని చూసే సంస్థ తాపీగా ఒక ఉత్తరం రాసింది. దీనికి వెంటనే పనికొచ్చే ఉపయోగం ఏమీ మాకు కనపడట్లేదు అని దాని సారాంశం. అయ్యా, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అన్న సామెత ఇంత కరెక్ట్‌గా ఇంకెక్కడా సరిపోదు! ఆ తర్వాత అమెరికాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, మిల్‌స్టీన్ ల్యాబ్ నుంచి వెళ్లిన కణాలనే వాడి చేసిన యాంటీబాడీల మీద 1979, 1980ల్లో పేటెంట్లు తెచ్చుకున్నారు.

మిల్‌స్టీన్ ఏం చేశాడు? అడిగిన ల్యాబ్‌లకి కణాలు పంపుతూ పోయాడు. మన భాషలో ఓపెన్ సోర్స్.

ఇంకో విషయం. పేపర్ అచ్చయ్యాక నెలల తరబడి ఆ ప్రయోగం వాళ్ల సొంత ల్యాబ్‌లోనే సరిగ్గా రాలేదు! ఊహించుకోండి, ప్రపంచానికి చెప్పేశారు, ఇప్పుడు వాళ్లకే రావట్లేదు. నా మెషీన్‌లో పని చేసింది సార్ అనే డైలాగ్ కూడా పనికిరాని పరిస్థితి. చివరికి జొవాన్ని గల్ఫ్రే అనే సహచరుడు తవ్వి తీస్తే, తేడా హ్యాట్ ద్రావణంలో ఉంది. ఆ స్టాక్ కణాలకి విషంగా తయారైంది. డీబగ్గింగ్ చేసినవాళ్లకి ఆ నొప్పి తెలుస్తుంది. ఇప్పుడు ఆ నెలల్ని హెచ్-ఇండెక్స్‌తో కొలవండి. సున్నా. కానీ ఆ డీబగ్గింగ్ జరగకపోతే, మిగతా ప్రపంచం ఈ పద్ధతిని నమ్మేదా?

1984లో మిల్‌స్టీన్, కోలర్, నీల్స్ జెర్న్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. జెర్న్ బాసెల్ సంస్థకి డైరెక్టర్‌గా చేసినాయన. కోలర్ ఆ ప్లేట్ల మీద మచ్చలు చూసిన టెస్ట్ కూడా జెర్న్ కనిపెట్టిందే. కోలర్‌కి నోబెల్ వచ్చినప్పుడు వయసు 38. పాపం, 1995లో 48 ఏళ్లకే పోయాడు. మిల్‌స్టీన్ 2002లో పోయాడు.

ఇక అసలు ప్రశ్న. ఆ 3 పేజీల పేపర్ ప్రభావం ఎంత?

గూగుల్ స్కాలర్‌లో చూస్తే సైటేషన్లు 10,000 ఎప్పుడో దాటేశాయి. చాలా పెద్ద నంబర్. కానీ దీన్ని పక్కన పెట్టి పోల్చుదాం. 2014లో నేచర్ పత్రిక ప్రపంచంలో అత్యధికంగా సైట్ అయిన 100 పేపర్ల లిస్ట్ వేసింది. మొదటి స్థానం 1951లో వచ్చిన లౌరీ పేపర్‌ది. అప్పటికే 3,05,000 సైటేషన్లు. అందులో ఏముంది? ఒక ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. రెండు, మూడు స్థానాల్లోనూ ప్రోటీన్‌ని వేరు చేసే, కొలిచే పద్ధతులే. డీఎన్‌ఏ మెలిక నిచ్చెన ఆకారం కనిపెట్టిన పేపర్‌కి ఆ 100లో చోటే లేదు. అంటే సైటేషన్ కౌంట్ అబద్ధం చెప్పదు, కాకపోతే అది చెప్పేది గొప్పదనం గురించి కాదు. ఎంతమంది రోజూ చేతిలో పట్టుకుని వాడారు, వాడి పేరు రాశారు అనేదాని గురించి.

"పేరు రాశారు" అన్నాను చూడండి, మెలిక అక్కడే ఉంది. ఒక ఐడియా మరీ పెద్దదైపోతే పేరు రాయడం మానేస్తారు. ఇప్పుడు మీరు వెబ్‌సైట్ కడతారు. వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీకి క్రెడిట్ ఇస్తూ ఫుటర్‌లో లైన్ రాస్తారా? రాయరు. సైన్స్‌లోనూ అంతే. రాబర్ట్ మెర్టన్ అనే సోషియాలజిస్ట్ దీనికి ఒక పేరు కూడా పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే, కలిసిపోయి కనుమరుగవడం. పాలలో పంచదార కరిగిపోయినట్టు. తీపి ఉంటుంది, పంచదార కనపడదు.

కరిగిపోయిన పంచదార ఎక్కడెక్కడ ఉందో చూద్దాం రండి.

మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ కిట్. ఆ గీత పడేది మోనోక్లోనల్ యాంటీబాడీ వల్ల, అంటే ఒకే కణం సంతతి నుంచి వచ్చిన ఒకే రకం యాంటీబాడీ. కోవిడ్ టైమ్‌లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన రాపిడ్ టెస్ట్‌లో గీత కూడా అంతే. రక్తదానం క్యాంపుకి ఎప్పుడైనా వెళ్లారా? వేలికి సూది గుచ్చి, పలక మీద రక్తం చుక్కలు పెట్టి, ఒకదాంట్లో నీలం సీసా, ఇంకోదాంట్లో పసుపు సీసా ద్రావణం వేస్తారు. నీలంతో గడ్డకడితే ఎ, పసుపుతో గడ్డకడితే బి. ఆ సీసాల్లో ఇప్పుడు ఎక్కువగా ఉండేవి మోనోక్లోనల్ యాంటీబాడీలే. అంతకుముందు మనుషుల రక్తం నుంచి తీసిన సీరం మీద ఆధారపడేవాళ్లు. ఈ మార్పు మీద మిల్‌స్టీన్ ల్యాబ్ కూడా పని చేసింది.

తర్వాత మందులు. మొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ మందు అమెరికాలో 1986లో అనుమతి తెచ్చుకుంది, కిడ్నీ మార్పిడి వాళ్ల కోసం. 2021కి వచ్చేసరికి అక్కడ అనుమతి పొందినవి 100కి చేరాయి. మందు పేరు చివర "మాబ్" అని ఉంటే చాలు. రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్, అడాలిముమాబ్. ఆ మాబ్ అంటే మోనోక్లోనల్ యాంటీబాడీ అని అర్థం. మనకి దగ్గర ఉదాహరణ కావాలంటే, రిటుక్సిమాబ్‌కి బయోసిమిలర్, అంటే అసలు మందుకి దగ్గరగా సరిపోయే రూపం, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్లు 2007లో రెడిటక్స్ పేరుతో తెచ్చారు. మోనోక్లోనల్ యాంటీబాడీలకి బయోసిమిలర్ అనేది ప్రపంచంలో అదే మొదటిది. బి కణాల నుంచి వచ్చే లింఫోమా అనే క్యాన్సర్‌కి వాడతారు. బి కణాన్ని పట్టుకుని నేర్చుకున్న విద్య, తిరిగి బి కణాల క్యాన్సర్ మీదే పని చేస్తోంది.

ఇప్పుడు చెప్పండి, బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్ ఆ నీలం చుక్క వేసేటప్పుడు ఎవరి పేపర్ సైట్ చేస్తాడు? గూగుల్ స్కాలర్‌లో అది పడుతుందా? పడదు. 10,000 అనేది కనపడిన లెక్క మాత్రమే. కనపడనిది దానికి ఎన్ని రెట్లో లెక్కపెట్టే మీటర్ లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇదంతా చెప్పి "సైటేషన్లు దండగ" అనేస్తే అదీ తప్పే. నంబర్ లేకపోతే ఏమవుతుంది? మనవాడు, మన కులం, మన కాలేజ్, తెలిసినాయన అని సీట్లు ఇచ్చేస్తారు. చిన్న ఊరి కాలేజీలో కూర్చుని మంచి పని చేసినావిడకి, పెద్దవాళ్ల పరిచయం లేకపోయినా, "చూడండి, నా పేపర్‌ని ఇంతమంది వాడారు" అని చూపించుకోవడానికి ఒక ఆధారం ఉంది కదా. అది చిన్న విషయం కాదు.

కాకపోతే కొలత టార్గెట్ అయిపోయినప్పుడు పాడైపోతుంది. తమ పేపర్లని తామే సైట్ చేసుకోవడం. నువ్వు నాది, నేను నీది అని గ్రూపులు కట్టడం. ఒక్క పనిని నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లు వెయ్యడం. చివరికి హెచ్-ఇండెక్స్ కనిపెట్టిన హిర్షే 2020లో రాశాడు, ఇది ఘోరంగా ఫెయిల్ అవ్వొచ్చు, మనం అనుకోని చెడు చెయ్యొచ్చు అని. ఆ హిర్ష్ ఎవరో తెలుసా? ఆయనా అర్జెంటీనా మనిషే. బ్యూనస్ ఐరిస్ యూనివర్సిటీలోనే చదివాడు, మిల్‌స్టీన్ చదివిన చోటే. ఒకే యూనివర్సిటీ నుంచి ఒకరు ఆ పని, ఇంకొకరు ఆ పనిని సరిగ్గా చూపించలేని ఫార్ములా.

ముక్కలు చెయ్యడం అన్నాను కదా. నా సంగతి చెప్తాను. నేను జాబ్ చేసేటప్పుడు, కంపెనీ పేరు వద్దు, అప్రైజల్‌లో క్లోజ్ చేసిన టికెట్ల కౌంట్ చూసేవాళ్లు. నేనేం చేశానో తెలుసా? ఒక టికెట్‌ని మూడు టికెట్లుగా విడగొట్టేవాడిని. రెండు క్వార్టర్లు నాకు మంచి రేటింగ్ వచ్చింది. అదే టైమ్‌లో మా టీమ్‌లో ఒకతను, మా బిల్డ్ రోజూ పడిపోతుంటే, రెండు నెలలు కూర్చుని దాన్ని మూలం నుంచి బాగు చేశాడు. అతని పేరు మీద టికెట్ ఒక్కటే. ఆ తర్వాత మా అందరి టికెట్లూ ఫాస్ట్‌గా క్లోజ్ అయ్యాయి. అతని రేటింగ్ మాత్రం తక్కువ వచ్చింది. ఆ సంవత్సరమే మానేసి వెళ్లిపోయాడు. మేనేజర్‌ని తిట్టుకున్నాను గానీ, మీటింగ్‌లో "మా స్పీడ్‌కి కారణం అతనే" అని ఒక్క మాట నేనూ అనలేదు. అంటే సైట్ చెయ్యలేదు. టికెట్లు విడగొట్టడం కంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా అనిపించేది అదే.

సరే, చెల్లి దగ్గరకి వద్దాం. మర్నాడు నేనే ఫోన్ చేసి, "నిన్న చెప్పింది మర్చిపో, ఇద్దరి ప్రొఫైల్సూ ఓపెన్ చెయ్, కలిసి చూద్దాం" అన్నాను. మీలో ఎవరైనా పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లుంటే ఇవి రాసుకోండి.

ఒకటి, మొత్తం నంబర్ వదిలేసి, టాప్ 5 పేపర్లు తెరవండి. అవి కొత్త ప్రయోగాలా, లేక ఇతరుల పనిని కలిపి రాసిన రివ్యూ ఆర్టికల్సా? రివ్యూలకి సైటేషన్లు ఎక్కువ వస్తాయి. తప్పు కాదు, కానీ తెలిసి ఉండాలి.

రెండు, రచయితల వరసలో ఆ ప్రొఫెసర్ పేరు ఎక్కడ ఉంది? ఈ ఫీల్డ్‌లో మామూలుగా పని చేసిన స్టూడెంట్ పేరు ముందు, ల్యాబ్ పెద్ద పేరు చివర ఉంటుంది. 40 మంది మధ్యలో ఎక్కడో ఉంటే అది వేరే సంగతి. మన 1975 పేపర్‌లో చూడండి, ముందు కోలర్, తర్వాత మిల్‌స్టీన్. రెండే పేర్లు.

మూడు, వయసు చూడండి. 30 ఏళ్లు పని చేసినాయనకీ 8 ఏళ్లు చేసినావిడకీ ఒకే స్కేల్ పెట్టకూడదు. హెచ్-ఇండెక్స్ పెరుగుతుందే గానీ తగ్గదు. ఒక ఫీల్డ్‌ని ఇంకో ఫీల్డ్‌తో కూడా పోల్చకూడదు. ఇమ్యునాలజీలో వచ్చినన్ని సైటేషన్లు లెక్కల సబ్జెక్ట్‌లో రావు.

నాలుగు, సైట్ చేసినవాళ్లలో పదిమందిని క్లిక్ చేసి చదవండి. ఊరికే వరసలో పేరు పెట్టారా, లేక ఆ పద్ధతిని నిజంగా వాడారా? వాడినవాళ్లు ఎక్కువగా వేరే ల్యాబ్‌ల వాళ్లేనా? గార్ఫీల్డ్ మొదట అనుకున్నది ఇదే కదా, సైటేషన్ అనేది లోపలికి వెళ్లే తలుపు, బయట వేలాడదీసే మార్కుల బోర్డు కాదు.

ఐదు, అన్నిటికంటే ముఖ్యం, పాత స్టూడెంట్స్‌కి ఫోన్ చెయ్యండి. ప్రయోగం ఆరు నెలలు రాకపోతే ఆ గైడ్ ఏం చేస్తారు అని అడగండి. హ్యాట్ ద్రావణం కథ గుర్తుందిగా. అలాంటి నెలలు ప్రతి పీహెచ్‌డీలోనూ వస్తాయి.

చెల్లి ఇవన్నీ చేసింది. సార్ 58 ఉత్తిది కాదు, నిజంగానే మంచి పని ఉంది. కానీ ల్యాబ్ చాలా పెద్దది, సార్‌ని కలవాలంటే వారాలు పడుతుందని అక్కడి స్టూడెంట్సే చెప్పారు. మేడమ్ 17లో, ఒక యాంటీబాడీ టెస్ట్ పద్ధతి ఉంది. ఆమె స్టూడెంట్ పేరు ముందు ఉన్న పేపర్. దాన్ని వేరే వేరే ఊళ్ల ల్యాబ్‌లు తెప్పించుకుని వాడుతున్నాయి. చెల్లి మేడమ్ దగ్గర చేరుతోంది. కరెక్టా కాదా అంటే, నాలుగైదేళ్లు పోతే గానీ తెలీదు. కానీ ఇప్పుడు ఎవరైనా ఎందుకు చేరావు అని అడిగితే తన దగ్గర కారణం ఉంది, నంబర్ ఒక్కటే కాదు.

ఇంక నేను. బిల్డ్ బాగు చేసిన అతనికి, నాలుగేళ్ల తర్వాత, నిన్న మెసేజ్ పెట్టాను. "బ్రో, ఆ రోజు మా అందరి పని నీ వల్లే జరిగింది, చెప్పాల్సిన టైమ్‌లో చెప్పలేదు" అని. బ్లూ టిక్ పడింది. రిప్లై ఇంకా రాలేదు. వస్తుందో రాదో, నా వైపు నుంచి ఒక సైటేషన్ అయితే పెండింగ్ తీరింది.

మీరు కూడా ఈసారి రక్తదానానికి వెళ్లినప్పుడు ఆ నీలం సీసా ఒకసారి చూడండి. ఎవరిదో తెలుసు ఇప్పుడు మీకు.

లైక్, షేర్, సబ్‌స్క్రైబ్ అని ఎప్పటిలాగే అడుగుతున్నా. నంబర్ల గురించి ఇంత చెప్పి మళ్లీ నంబర్ అడుగుతున్నాడేంట్రా అనుకుంటారు. ఏం చేస్తాం అండి, నా హెచ్-ఇండెక్స్ అదే! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.